సంచిలో పోసిన కలుపు

ఏళ్ల తరబడి ఒక గోనెసంచిని మోస్తున్నాను. సంచి ఏనాడో పట్నం వెళ్లిపోయింది. బరువు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది డుంబ్రిగుడ దగ్గర కొండ మీది ఊరు. డిగ్రీ అయ్యాక, కొవ్వు పట్టిన లివరుకు మొక్కల్లో మందు వెతికే ప్రాజెక్టులో పనికి కుదిరాను. కామెర్లకు మావాళ్లు తాగే చేదాకును ఆ ప్రాజెక్టు నడిపే మేడమ్‌కు చూపించింది నేనే. ఆవిడ పూలతో ఉన్న ఒక రెమ్మ పట్టుకెళ్లి మొక్క పేరు తేల్చుకుంది. మరుసటి ఏడు, ఎలుకల మీద పరీక్షకు సంచెడు ఎండాకు దంచి వెంటనే పంపమంది.

అప్పటికింకా కొత్త పండగ కాలేదు. దేవతకు పెట్టనిదే మా ఊళ్లో మామిడికాయే కొరకరు, ఇక మందాకు మీద చెయ్యి వేస్తారా? ఆ మాట మేడమ్‌కు చెప్పడానికి సిగ్గేసింది. చదువుకున్నదానివై ఇదేమిటని నవ్వుతుందనుకున్నాను. దేవతకూ భయపడ్డాను, మేడమ్‌కూ భయపడ్డాను. మా కాఫీ తోటలో అన్నయ్య పీకి ఎండేసిన కలుపు కుప్పగా ఉంది. దాన్నే దంచి సంచిలో పోసి పంపేశాను. పని చెయ్యలేదంటారు, పీడా పోతుంది అనుకున్నాను.

పని చేసింది!

మేడమ్ ఫోనులో చెబుతోంది. ఎలుకల లివర్లలో కొవ్వు తగ్గిందట. మీ చేదాకు గొప్పదమ్మా అంటోంది. ఆ కలుపా? మేం ఏటేటా తగలబెట్టేదా? థాంక్యూ మేడమ్ అని ఫోను పెట్టేశాను. అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా, పరువు పోతుందనా? ఇప్పటికీ తేల్చుకోలేను. డబ్బులు ఆగి ప్రాజెక్టు మూతపడింది. తప్పు బయటపడే దారీ మూసుకుపోయింది.

తర్వాత అన్నయ్యకు స్కానింగు తీశారు. చుక్క ముట్టని మనిషికి లివరు నిండా కొవ్వు. ఆ రోజు నుంచి పొద్దున్నే చేదాకు కషాయం తాగడం మొదలుపెట్టాడు.

“డాక్టరు బిళ్లలు మానకన్నయ్యా,” అన్నాను ఒకసారి.

“బిళ్లలెందుకే? మా సెల్లి కనిపెట్టిన మందుండగా!” నవ్వాడు. “ఏటలా సూస్తన్నావు? సేదని బయమా?”

ఆ గ్లాసు లాక్కుని పారబోయాల్సింది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే రోత పుడుతుంది.

మొన్న మళ్లీ స్కానింగు తీశారు. లివరు గట్టిపడుతోందన్నారు. బిళ్లలు ఎప్పుడు మానేశావని డాక్టరు అడిగితే, అన్నయ్య గర్వంగా నావైపు చూపించాడు.

ఆ కలుపు మనిషికి పనిచేసేదో లేదో నాకు తెలియదు. అన్నయ్య తాగుతున్నది మాత్రం ఎవరూ పరీక్షించని ఆకు. ఇది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు మీకూ తెలుసు. ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.

తోటలో అన్నయ్య కలుపు తగలబెడుతున్నాడు. పొగొస్తాది, తలుపెయ్యే అని కేకేశాడు. నేనింకా తలుపు వెయ్యలేదు.