వంగపండు చీరలో గీత

ధర్మవరంలో సుంకన్న రంగు వేశాడంటే దాని మీద ఇంకొకరు నోరెత్తేది లేదు. నలభై ఏళ్ళుగా అదే వరస. షావుకారు నమూనా ముక్క తెచ్చి చేతిలో పెడితే, పొద్దుటి ఎండలో దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎందుకో ఒకసారి వాసన కూడా చూసి, ఉడుకుతున్న తొట్టి దగ్గరికి పోయేవాడు. తూకం లేదు, కొలత లేదు, అంతా చిటికెలూ గుప్పిళ్ళే. తడి పట్టునూలు నుంచి ఒక పోగు లాగి, వేళ్ళ మధ్య ఆరబెట్టి, నమూనా పక్కన పెట్టి "అయ్యింది" అనేవాడు. ఆయన అయ్యిందంటే అయినట్టే. రంగు సంగతిలో అద్దకం మనిషిదే మాట, నేత సంగతిలో నేసేవాళ్ళదే మాట. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదన్నది ఆ వీధి కట్టుబాటు.

వేలు పెట్టింది ఒకే ఒక్క మనిషి. అది కూడా పరాయిమనిషి కాదు, సొంత చెల్లెలు హేమావతి.

మూడేళ్ళ కిందటి మాట. హేమావతి అదే వీధిలో గుంత మగ్గం నేసేది. మొగుడు పోయాక ఆమెకు అన్నం పెట్టింది ఆ మగ్గమే. ఎవరిదో పెళ్ళికి వంగపండు రంగు చీర ఒకటి నేస్తుండగా సగంలో అడ్డంగా నేసే పేక నూలు చాలలేదు. సుంకన్న మళ్ళీ తొట్టి పెట్టి, రంగు వేసి ఇచ్చాడు. కొత్త నూలుతో నాలుగు వేళ్ళ మేర నేసిందో లేదో, హేమావతి గుంతలోంచి లేచి అన్న ఇంటికి వచ్చింది.

"అన్నా, రంగు మారిందే. ముందుది నీలం కొడతాండాది, ఇది ఎర్రగా ఉండాది. ఒకసారి వచ్చి చూడు."

సుంకన్న వచ్చి, మగ్గం మీదికి వంగి చూశాడు. ఆయనకు నిజంగానే తేడా కనపడలేదు. అక్కడే కోపం ముంచుకొచ్చింది.

"నలభై ఏండ్లుగా తొట్టి కాడ ఉడుకుతాండా. నాకే రంగు చూపిస్తాండావా? కూచోని నెయ్యి!"

హేమావతి మళ్ళీ గుంతలో దిగి, కొంగు దాకా నేసి ఇచ్చింది. షావుకారు చీర విప్పి చూసి, అన్నాచెల్లెళ్ళిద్దరినీ కొట్టుకు పిలిపించాడు. సగం చీర ఒక రంగు, సగం ఇంకో రంగు, ఇది ఎవరి తప్పని అరుగు మీద నలుగురి ముందర అడిగాడు. సుంకన్న రెండు చేతులూ ఎత్తి రెండు కనురెప్పల మీద పెట్టుకున్నాడు.

"ఈ కండ్ల మీద ఒట్టు. నా తొట్టిలోంచి పోయింది ఒకటే రంగు. మధ్యలో ఏం నూలు కలిసిందో నాకేం తెలుసు? నేసినామెను అడగండి."

నూలు మార్చిందన్న మాట ఒకసారి పడ్డాక నేసేమనిషికి పడుగు ఇచ్చి పని చెప్పేవాళ్ళు ఉండరు. హేమావతి ఆ చీరను తెచ్చి అన్న వాకిట్లో పడేసి, పెనుకొండలో కూతురు రాధ ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడినుంచి రోజూ కంపెనీ బస్సెక్కి, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఉల్లిగడ్డలు తరగడానికి పోతోంది. సుంకన్న పెళ్ళాం లక్ష్మీదేవమ్మ చీరను మడిచి బీరువా అడుగున పెట్టింది. సుంకన్న మాత్రం అన్యాయం తనకే జరిగినట్టు మూడేళ్ళు మొహం గంటుపెట్టుకుని తిరిగాడు.

ఈలోగా కళ్ళు మసకబారాయి. గడప తట్టుకోవడం, వేడి తొట్టిలో చెయ్యి పెట్టబోవడం మొదలయ్యాయి. కదిరి బస్సనుకుని ఇంకేదో బస్సెక్కి, ఎక్కడో దిగి నడిచి వచ్చిన రోజున లక్ష్మీదేవమ్మ ఇక ఊరుకోలేదు. హిందూపురంలో కంటి ఆసుపత్రికి లాక్కుపోయింది.

"రెండు కండ్లలోనూ పొర ముదిరింది పెద్దాయనా. ముందు కుడికన్ను చేద్దాం" అంది డాక్టరు స్వాతి. చిన్న డబ్బాలో ఉన్న లెన్సు చూపించింది. కందిపప్పు బద్దంత ఉంది, ఇటునుంచి అటు కనపడుతోంది. "దీన్ని మడిచి, సన్నటి రంధ్రంలోంచి లోపలికి పంపుతాం. లోపల అదే విచ్చుకుంటుంది. కుట్లు కూడా ఉండవు."

"ప్లాస్టిక్కా తల్లీ?"

"అట్లాంటిదే. మళ్ళీ మార్చే పని ఉండదు."

కంట్లో నలుసు పడితేనే ఓర్చుకోలేమే, ప్లాస్టిక్ పెట్టుకుని ఎట్లా బతికేదని ఆ రాత్రంతా పెళ్ళాన్ని వేధించాడు. తీరా చూస్తే ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది.

మర్నాడు పొద్దున నర్సు కట్టు తీసింది. సుంకన్నకు ముందు కనపడింది ఎదురుగా ఉన్న గోడ.

"రాత్రికి రాత్రి సున్నం కొట్టినారా?"

"గోడ నిన్నటిదే తాతా" అని నవ్వింది నర్సు.

సుంకన్న కుడికన్ను మూశాడు. గోడ మీద ఎవరో టీ ఒంపినట్టుంది. ఎడమకన్ను మూసి కుడికన్ను తెరిచాడు. తెల్లగా మెరిసింది. మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూశాడు.

"తల్లీ, ఏ కన్ను నిజం చెప్తాండాది?" అని డాక్టరమ్మను అడిగాడు.

"కొత్తదే. వయసైతే కంట్లో పుట్టుకతో ఉండే లెన్సు పసుపుపచ్చగా మారుతుంది. నీలం రంగును లోపలికి సరిగా పోనియ్యదు. మెల్లగా జరుగుతుంది కదా, మనిషికి తెలియదు."

"ఎన్నేండ్ల నుంచి?"

"కచ్చితంగా చెప్పలేం. పదేళ్ళు కావచ్చు."

సుంకన్న ఇంకా ఆ కన్నూ ఈ కన్నూ మూస్తూ తెరుస్తూ కూర్చున్నాడు. లక్ష్మీదేవమ్మ రెక్క పట్టి లేపింది.

రైల్లో ఎదురు సీట్లో కూర్చున్న పెళ్ళాన్ని చూసి ఇంకోసారి ఉలిక్కిపడ్డాడు. "నువ్వు కట్టుకునింది పచ్చచీర కాదా?"

"నీలంది. నువ్వే రంగేసినావు కదయ్యా."

పెనుకొండ స్టేషన్ వచ్చినప్పుడు మొహం కిటికీ వైపు నుంచి తిప్పుకున్నాడు. బండి కదిలేదాకా అటు చూడలేదు.

ఇల్లు చేరి నీళ్ళన్నా తాగకుండా, "ఆ చీర తియ్యి" అన్నాడు. ఏ చీర అని లక్ష్మీదేవమ్మ అడగలేదు. వాకిట్లో ఎండలో మంచం మీద పరిచింది.

సుంకన్న ముందు కొత్త కన్ను మూశాడు. చీర ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే వంగపండు రంగు, ఒట్టు పెట్టుకున్న రోజున ఎట్లా ఉందో అట్లాగే. అప్పుడు పాత కన్ను మూశాడు. చీర సగంలో అంచు నుంచి అంచు దాకా గీత గీసినట్టుంది. ఇటు నీలం తిరిగిన వంగపండు, అటు ఎర్రటి వంగపండు. చిన్నపిల్లకు చూపించినా చెప్పేస్తుంది. ఆయనకు భయమేసింది, ఆ వెనకే పట్టరాని సిగ్గు ముంచుకొచ్చింది.

"నీకు ఇది కనపడిందా?"

"మొదటిరోజే కనపడింది."

"మరి నాకు చెప్పలేదే?"

"చెప్పిన మనిషిని ఏం చేసినావో చూసినా కదా." లక్ష్మీదేవమ్మ గొంతులో కోపమేమీ లేదు. చుక్కల మందు మూత తీస్తూ, అంతే మామూలుగా, "రెండేండ్లుగా నువ్వేసిన నీలాలూ వంగపండ్లూ గిరితో మళ్ళా అద్దించుకుంటాండారు. వీధిలో అందరికీ తెలుసు" అంది.

గిరి పక్క వీధిలో కొత్తగా తొట్టి పెట్టినవాడు.

"తెలిసీ హేమను వెనక్కి పిలవలేదా ఒక్కరూ?"

"పిలవాలంటే నీది తప్పని నీకు చెప్పాల. ఎవరు చెప్తారు? తల ఎత్తు, మందు వేస్తా."

దుమ్ములోకి పోవద్దన్న డాక్టరమ్మ మాట గాలికొదిలేసి, మర్నాడు నల్లద్దాలు పెట్టుకుని, సంచిలో చీరతో పెనుకొండ బస్సెక్కాడు. ముందు మేనకోడలు రాధ ఇంటికి పోయి, ఆమె చెప్పిన చోట, కంపెనీ బస్సు ఆగే దగ్గర, సిమెంటు బెంచీ మీద మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. హేమావతి దిగింది. జుట్టు చాలా నెరిసింది. అన్నను చూసి ఆగిపోయింది గానీ పలకరించలేదు.

సుంకన్న బెంచీ మీద చీర విప్పాడు. "నా రంగే తప్పు హేమా. కొత్త కన్ను పెట్టినారు. ఇప్పుడు చూసినా."

"ఆ పొద్దు ఏ కంటి మీద ఒట్టు పెట్టినావు?"

"రెండింటి మీదా."

ఆమె మొహంలో నవ్వులాంటిదేదో వచ్చి ఆగిపోయింది.

"షావుకారు కాడికి పోదాం రా. ఆ అరుగు మీదనే, అందరి ముందర చెప్తా. మళ్ళా నీ మగ్గం..."

"మగ్గం యాడుండాదన్నా? ఇంట్లో బాడుగకు వచ్చినోళ్ళు గుంత పూడ్చి బండలు పరిచినారు. కట్టెలు పొయ్యిలోకి పోయినాయి. నువ్వు ఆ వాకిలి ముందరే కదా రోజూ నడిచేది?"

హేమావతి కాసేపు చీరకేసి చూసింది. ఉల్లివాసన వేస్తున్న వేలు ఆ గీత మీద పెట్టింది.

"రంగు ఒకటే చూసినావా? చెయ్యి పెట్టు."

పెట్టాడు. గీతకు ఇటు చీర మెత్తగా ఉంది. అటు నాలుగు వేళ్ళ మేర దాటాక అట్టలాగా బిగుసుకుపోయింది, పోగు పక్కన పోగు ఊపిరాడనంత దగ్గరగా.

"నెయ్యమన్నావు, నేసినా. ఈడ నుంచి ఏడుస్తానే నేసినా. నీ మీద కోపమంతా మగ్గం మీద కొట్టినా. షావుకారు రంగే చూసినాడు. నువ్వు అదీ చూడలేదు."

సుంకన్న వేళ్ళు గీత దాటి, ఆ బిగిసిన నేత మీద మెల్లగా పోతున్నాయి. చీర కొంగు దాకా ఇంకా మూడు గజాలు ఉంది.