గుర్రాన్ని అమ్మని ముసలమ్మ

"మళ్లీ మొదట్నుంచి ఎందుకే? ఆగిన చోట అందుకో."

"అక్కణ్నుంచి రాదు నాయనమ్మా. నువ్వు మధ్యలో మంచినీళ్లు అడిగావు, పోయింది."

"మంచినీళ్లు అడిగితే పోయే చదువేం చదువు? రేపు పక్కపిల్ల తుమ్మితే ఏం చేస్తావు?"

"నాలుగో తరగతి దాకా చదివి నాకు ఇంగ్లీషు చెబుతావా?"

"ఇంగ్లీషు నాకు రాదు. నువ్వు నీళ్లు నమలడం మాత్రం తెలుస్తోంది."

నా మనవరాలు ఇంటర్ రెండో సంవత్సరం. తెల్లవారితే ఇంగ్లీషు పరీక్ష. మొన్న కాలేజీలో పెట్టిన పరీక్షలో ఒక్క వాక్యం మరిచిపోయి, ఆ తర్వాతదేమీ రాయలేక, ఆ ఒక్క సబ్జెక్టు తప్పింది. ఇందులోనూ తప్పితే సప్లిమెంటరీ రాసేలోపు డిగ్రీ సీట్లు నిండిపోతాయని దాని భయం. అందుకని గైడులో జవాబులన్నీ బట్టీ పట్టింది. నేనూ ఎక్కాలు అలాగే నేర్చాను. ఏడెనిమిదులెంత అంటే ఇప్పటికీ ఏడొకట్ల నుంచి రావాలి.

పుస్తకం మూయించి కల్లానికి తీసుకుపోయాను. పట్టా మీద ఎండిన మిరపకాయలకు తొడిమలు తీస్తూ, రంగు తేలిన తాలుకాయలు వేరు చేస్తూ కూర్చున్నాం.

"ఇందాక చదివిన ఆ పాఠంలో ఏముందో తెలుగులో చెప్పు," అన్నాను.

మూతి ముడుచుకునే చెప్పింది. అదొక పద్యమట. ఒక ముసలమ్మకు మొగుడు పోయాడు. ఆయన బండి లాగిన గుర్రం ముసలిదైంది. బేరం వచ్చినా అమ్మదు.

"అమ్మేయాల్సింది. మేత దండగ," అన్నాను. దానికి చదువు చెప్పడానికి అన్న మాట కాదది. ఒట్టిపోయిన గేదెను మేం ఏనాడూ ఉంచుకోలేదు.

"అది కాదు నాయనమ్మా. ఆయన ఇంటికొస్తుంటే ఆ గిట్టల చప్పుడే ఆమెకు ముందు వినపడేది. అమ్మితే అదీ పోతుంది."

"చప్పుడు కడుపు నింపుతుందా?"

"మరి తాతయ్య చెప్పులు అటక మీద ఎందుకు దాచావు?"

"అవి మేత అడగవు."

దానికి నవ్వొచ్చింది. మళ్లీ వాదనకు దిగింది. మధ్యలో కల్లం మీదకొచ్చిన మేకలను తోలి రమ్మన్నాను, నీళ్లు తెమ్మన్నాను. వచ్చిన ప్రతిసారీ ఆపిన మాట దగ్గరే అందుకుంది. నేను గమనించాను.

"ఇదే ఇంగ్లీషులో చెప్పు," అన్నాను పొద్దు వాలాక.

చిన్న చిన్న ముక్కలుగా చెప్పింది. "గైడులో ఉన్నట్టు రావట్లేదు. తప్పులు పోతాయేమో."

"పోతే పోనీ. ఖాళీ కాగితానికి మార్కులెవరు వేస్తారు? పో, చేతులకు నూనె రాసుకుని కడుక్కో. కళ్లు ముట్టుకోకు."

మర్నాడు పొద్దున నేనే బస్సులో వెంట వెళ్లాను. పరీక్ష అయ్యేదాకా గేటు బయట అరుగు మీద కూర్చున్నాను. అది నడిచొస్తుంటే ముందు దాని మొహం చూశాను. తేటగా ఉంది.

"గుర్రం గురించే ఇచ్చారు. ఆమె చేసింది సబబేనా అని అడిగారు. మధ్యలో ఒకసారి ఆగిపోయాను. మళ్లీ అక్కణ్నుంచే రాశాను."

"సబబే అని రాశావా?"

"రాశాను. నువ్వన్నవి కూడా రాసి, కాదన్నాను."

గుండెల మీద బరువు దిగింది. గుర్రం సంగతి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు. డబ్బా తీసి పెరుగన్నం పెట్టాను. తినేసి బస్సెక్కి కల్లానికి వచ్చేశాం.