కాలవ చివరి మడి

రేపల్లె కాలవ చివర మా ఊరు. నలభై దాటాక నాకు అక్షరాలు నేర్పిన మాస్టారు, పాఠం అయ్యాక రోజూ బోర్డు మీద ఒక ఊరు గీసేవారు.

"ఇక్కడ ఎక్కువ తక్కువలుండవమ్మా."

"కాలవుంటే చివరుంటది కదండీ?" అన్నాను.

"ఉంటది. నీళ్ళు ముందు అక్కడికే పంపుతారు."

"బోర్డు మీద బానే పారతాయిలెండి!" అని నవ్వాను.

ఆ ఏడు నీళ్ళు చాలక నా నారుమడి నెర్రెలిచ్చింది. కాలవ ఎగువన మాస్టారి చేనికి మాత్రం నీళ్ళందుతున్నాయి. ఆయన తన తూము మూసేసి దాని మీదే కూర్చున్నారు.

"ఏంట్రా ఇది? బోర్డు మీది ఊరి కోసం మన నారు ఎండబెడతావా?" అని వాళ్ళన్న తిట్టాడు. ఆయన లేవలేదు. సాయంత్రానికి నా మడి తడిసింది.

మర్నాడు మళ్ళీ అదే ఊరు గీశారు. నేను లేచి సుద్దముక్క తీసుకుని, కాలవ చివర నా మడి గీశాను.