అమ్ము కోటకు దీపాలు

బచేలి కంపెనీ క్వార్టర్లలో చక్రధరరావును ఎరగనివాళ్లు లేరు. ఉద్యోగమంతా కొండ మీద ఇనుపగనిలో కరెంటు పనే. ఎంత గాలివానకు లైన్లు పోయినా జనం "చక్రధరరావొచ్చాడా?" అని అడిగేవాళ్లు తప్ప, "బాగవుతుందా?" అని అడిగేవాళ్లు కాదు. అంతటి మనిషి రిటైరయ్యాక, కొడుకు అరుణ్ క్వార్టర్ వెనక వరండాలో పీట వేసుకుని, మనవరాలు అమ్ము బొమ్మరింటికి వేలెడంత లేని దీపాలు చేస్తూ కూర్చున్నాడు.

బొమ్మరిల్లంటే మామూలుది కాదు, కోట. అమ్ము ఫోన్లో ఏదో దూరదేశపు పాతకాలం కోట చూసి, అలాంటిదే కావాలని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చెక్కపెట్టెలు కోసి గోడలు లేపడం ఆయనకు చిటికెలో పని. దీపాలే ప్రాణం తీశాయి. గోడలకు కాగడాలు కావాలి. నడిమింట్లో గొలుసుకు వేలాడే ఇనపచక్రం, దాని చుట్టూ కొవ్వొత్తులు కావాలి. భార్య పాత గిల్టుగొలుసు తెంపి వేలాడదీశాడు. చెవిపుల్లల గొట్టాలు కోసి కొవ్వొత్తులు చేశాడు. వాటిలో బియ్యపుగింజంత బల్బులు పెట్టి, మోటారుకు చుట్టే సన్నతీగ లాగాడు.

ఇంత హడావుడీ ఎందుకంటే, అమ్ముకు పొద్దువాలితే చూపు మసకబారుతోంది. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చూసి, ఇది కంటి లోపలి పొర జబ్బు, మందు లేదు, రానురాను తగ్గడమే అన్నాడు. చక్రధరరావు నమ్మలేదు. వెతికితే ఫాల్టు దొరకని లైను ఉండదని ఆయన మతం. రోజూ చీకటిపడగానే మనవరాల్ని గుమ్మంలో నిలబెట్టేవాడు.

"కొండమీద లైట్లు అవుపిస్తన్నాయేటమ్మా?"

"బరాబర్ కనిపిస్తున్నాయి తాతా! లైనుగా ఉన్నాయి."

ఆ మాట విన్న రోజు ఆయనకు రెండు ముద్దలు ఎక్కువ దిగేవి.

దీపాలు వెలిగాయి. అంతటితో ఊరుకోవచ్చుగా! పాత ఇనుములా కనబడాలన్నాడు. ఇనుపకొండ కింద బతికేవాడికి ఇనుము రంగు కొనడం నామోషీ కాదూ? కిటికీ చువ్వల మీద పేరుకున్న ఎర్రధూళి గీకి, బంకలో కలిపి, దీపాలకూ తీగలకూ బొటనవేలితో గట్టిగా రుద్దాడు.

"ఏటండీ, నాను పొద్దుట తుడిసీసిన దుమ్ము మళ్లీ ఇంట్లోకి తెత్తన్నారు?" అని భార్య అప్పలకొండమ్మ నెత్తి కొట్టుకుంది.

ఆయన వినలేదు. ఆరాక మరోసారి వెలిగించి చూడనూ లేదు. అమ్ము మాత్రం పగలంతా కోట ముందే కూర్చుని, ప్రతి దీపాన్నీ వేలితో తడిమింది.

సాయంత్రం గదిలో లైటు ఆర్పి, తలుపు దగ్గరకు వేసి, చక్రధరరావు కోట స్విచ్చి నొక్కాడు. టిక్కుమంది. ఒక్కటీ వెలగలేదు. తప్పు ఆయనకు వెంటనే తెలిసింది. గరుకు ధూళి తీగ మీది పూతను గీకేసింది, తీగలు ఒకదానికొకటి తగులుకున్నాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చ గెలిచొచ్చి ఇంట్లో ఓడాడు. సిగ్గుతో నోరు తెరవబోయాడు.

"వెలిగాయి! తాతా, వెలిగాయి!" అమ్ము చప్పట్లు కొట్టింది. "నడుమ గొలుసుదీపం ఏకదమ్ సూపర్! గోడ మీదవి కూడా!"

చక్రధరరావుకు కొండమీద లైట్లు గుర్తొచ్చాయి. లైనుగా ఉన్నాయని రోజూ చెప్పింది పిల్ల. ఆయన ముఖం చిన్నబోకూడదని చెప్పింది. ఎన్నాళ్లుగా చెబుతోందో!

తలుపు తోసుకుని వచ్చిన అప్పలకొండమ్మ "ఎలగనేదేటండీ..." అనబోయింది. ఆయన చెయ్యెత్తి, వద్దని ఆపాడు. పిల్ల వైపు చూసి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బాగున్నాయి కదా తాతా?"

"బాగున్నాయమ్మా."

అమ్ము చేత్తో తడుముకుంటూ స్విచ్చి వెతికింది. "ఆపెయ్యనా? బ్యాటరీ అయిపోద్ది."

"ఉండనీయమ్మా," అన్నాడు చక్రధరరావు. "కాసేపు ఎలగనీ."