అక్క పాత గొంతు

మా అక్క దర్జీ. బజారు మలుపులో మెట్ల కింది గది మాది. అందులో ఓ కుట్టుమిషను, ఓ నిలువుటద్దం. పదో తరగతితో చదువాగిన నేను పక్కన కూర్చుని కాజాలు కుడతాను. చిన్నప్పుడు తనని అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఇప్పుడు అక్కా అంటాను. ప్యాంట్లు కురచ చేయించుకోవడానికి వచ్చేవాళ్లు ముందు తన ముఖం చూస్తారు, తర్వాత గొంతు వంక చూస్తారు.

"కొలతలు నేను తీసుకోవాలండీ, మీరు కాదు," అంటుంది అక్క. వాళ్లు నవ్వేసి కొలతలకి నిలబడతారు.

వేరే ఊళ్లో ఉన్న అమ్మకి మాత్రం తనింకా కొడుకే. ఆదివారం ఫోను చేసి, పాత మగగొంతు తెచ్చుకుని, "అమ్మా, తిన్నావా?" అంటుంది. పెట్టేసిన వెంటనే మిషను ముందు కూర్చుంటుంది.

ఈ సంగతి నాకు కాక ఇంకొక్కరికే తెలుసు. ఆసుపత్రిలో కౌన్సిలింగ్ చేసే మేడమ్. "నా కడుపులోనే దాచుకుంటానమ్మా," అందావిడ. అక్కడికి వెళ్లొచ్చిన రోజుల్లో అక్క కూనిరాగం తీస్తూ మిషను తొక్కేది.

ఓసారి మేడమే అడిగింది. "కొత్త కౌన్సిలర్లకి శిక్షణ ఇస్తున్నాం. నీలాంటివాళ్లతో ఎలా మసలుకోవాలో వాళ్లకి తెలీదు. వచ్చి నాలుగు మాటలు చెప్పవూ?"

అక్క తనకీ నాకూ కొత్త బట్టలు కుట్టింది. నాకు జనమంటే బెరుకని హాల్లో చివరి వరసలో కూర్చున్నాం.

"ముందు ఓ చిన్న అభ్యాసం," అంది మేడమ్. తను ముందే చెప్పి ఉంచిన ఇద్దరు లేచారు. ఒకావిడది కౌన్సిలరు వేషం. కళ్లజోడాయనది సాయం కోసం వచ్చిన మనిషి వేషం. ఆయన మెడకి స్కార్ఫు చుట్టుకున్నాడు.

"నేను బట్టలు కుడతానండీ. మా అమ్మకి నేనింకా కొడుకునే. ఆదివారం ఫోను చేసి..." గొంతు బొంగురు చేశాడు. "అమ్మా, తిన్నావా?"

హాలంతా గొల్లున నవ్వింది.

"నవ్వకండి. ఇది నిజంగా జరుగుతున్నదే," అంది మేడమ్.

అక్క నా చెయ్యి వదిలేసి లేచింది. తలుపు దగ్గర మేడమ్ మమ్మల్ని అందుకుంది.

"ఏంటమ్మా, నీ వంతు రాకుండానే?"

"నా వంతు అయిపోయింది మేడమ్."

"నీ పేరెక్కడా చెప్పలేదే."

"పేరొక్కటే మిగిల్చారు."

"వాళ్లు నేర్చుకోవాలంటే నిజమైన సంగతి కావాలి కదమ్మా."

"నన్నడగొచ్చుగా. అడిగితే నేనే చెప్పేదాన్నేమో."

లోపలినుంచి ఎవరో పిలిచారు. మేడమ్ వెళ్లిపోయింది.

ఆ ఆదివారం అక్క ఫోను కలిపి, గొంతు సవరించుకుని, "అమ్మా" అంది. ఆ తర్వాత మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించి, ఫోను నా చేతిలో పెట్టేసింది.

"అన్నయ్యకి జలుబమ్మా," అన్నాను.

"ఉంటే ఉండనీ. ఎలా ఉన్నా వాడి గొంతు ఒక్కసారి వినిపించవే."

అక్క అటు తిరిగి మిషను గట్టిగా తొక్కసాగింది. సూది కింద గుడ్డ లేదు.

"ఏమిటే ఆ మోత? పనిలో ఉన్నాడా?"

"ఊఁ."

"పాపం, చేసుకోనీ. వచ్చేవారం మాట్లాడతాలే," అంది అమ్మ.