గొంతు లేకుండా వేసిన కేక

గొంతులో పెరిగిన చిన్న కాయను తీసేశాక డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు: "నేను చెప్పేదాకా నోరు విప్పకూడదు." పెదబయలు దగ్గర గిరిజన బాలికల బడిలో ఆటల టీచర్ని నేను. అరవడమే నా ఉద్యోగం. పైగా ఆ వారంలోనే పాడేరులో మా పిల్లల ఖోఖో ఫైనల్.

వాళ్లను తీసుకెళ్లే పని హిందీ మేడం మీద పడింది. ఆవిడ గట్టిగా మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. నేనేమో విశాఖలో ఆసుపత్రి మంచం మీద, చేతిలో ఫోనుతో.

మొదటి ఇన్నింగ్స్ అయ్యేసరికి మావాళ్లు వెనకబడ్డారు. "పిల్లలు డీలా పడిపోయారు" అని మేడం మెసేజ్ పెట్టింది. వెంటనే టైప్ చేశాను: "పర్వాలేదు. బాగా ఆడండి."

కాసేపటికి జవాబు వచ్చింది: "మీకు కోపం వచ్చిందని కెప్టెన్ ఏడుస్తోంది."

నిర్ఘాంతపోయాను. మళ్లీ చదువుకుంటే నాకూ అలాగే అనిపించింది. గ్రౌండులో అదే మాట చేతులూపుతూ, నవ్వుతూ అంటాను. ఇక్కడ ఆ చేతులూ లేవు, నవ్వూ లేదు. వాక్యం చివరి చుక్క మాత్రం మొహం మీద తలుపు వేసినట్టుంది.

ఆడపిల్లల్ని గుంటలనే మా యాసలోనే ఫోనులోని చాట్‌బాట్‌ని అడిగాను: "గుంటలు బెదిరిపోనారు, ఏటి రాయాలి? బేగి సెప్పు!!!!"

"మీరు చాలా ఆందోళనగా ఉన్నట్టున్నారు" అని అది మొదలుపెట్టి, "ప్రియమైన క్రీడాకారిణులారా, ఆత్మవిశ్వాసంతో ముందుకు సాగండి" అని రాసిచ్చింది. అది పంపితే మావాళ్లు కలెక్టరుగారి సందేశం అనుకుంటారు. కానీ నా ఆందోళన దానికెలా తెలిసింది? ఆ నాలుగు ఆశ్చర్యార్థకాలు చూసే కదా! అంటే నా కేక అక్షరాల్లోనూ వినపడుతుందన్నమాట.

ఇక ఎలా అరుస్తానో అలాగే టైప్ కొట్టాను: "ఒసే గుంటల్లారాఆఆఆ! కోపం ఏటే? లెగండీఈఈఈ! ఖోఓఓఓఓ!!!" పక్కనే నవ్వే మొహాలు, పిడికిళ్లు, ఒక పులి బొమ్మ.

దాన్నెలా చదవాలో హిందీ మేడానికి తెలియలేదట. కెప్టెన్ కళ్లు తుడుచుకుని ఫోను అందుకుని, నా బొంగురు గొంతుతో, దీర్ఘాలన్నీ లాగి లాగి చదివిందట. "మేడం వచ్చీసినారర్రా!" అని ఎవరో అరిస్తే అందరూ పడీపడీ నవ్వారట. ఆ నవ్వుతోనే గ్రౌండులోకి పరిగెత్తారట. ఇదంతా తర్వాత హిందీ మేడం చెప్పింది. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే: ఫోను ఎంతసేపు చూసినా మోగడం లేదు.

చివరికి మెసేజ్ వచ్చినట్టు మోగింది. కెప్టెనే టైప్ కొట్టినట్టుంది.

"గెలిసీసాఆఆఆఆం మేడమ్మ్మ్మ్!!!"

వెనకే ఫోటో వచ్చింది. ఎర్రమట్టి పూసుకున్న మొహాలు, మధ్యలో కప్పు, వెనక పాడేరు అని రాసిన బ్యానరు. నేను మంచం మీద లేచి నిలబడ్డాను. గొంతు లేదు, సంతోషం ఆగడం లేదు. చెంచా తీసుకుని స్టీలు కంచం మీద టంగుటంగున వాయించేశాను.

నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఏటైందమ్మా? నొప్పా?"

ఫోను చూపించాను. చదివింది, ఫోటో చూసింది. "మన ఏజెన్సీ గుంటలే!" అంటూ చెంచా నా చేతిలోంచి లాక్కుని తనూ నాలుగు వాయించింది.