మాల ఉన్నన్నాళ్ళు

మా నాన్న తాగుతాడని ఊళ్ళో అందరికీ తెలుసు. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటాడనీ తెలుసు. అందులో వాళ్ళకి వింతేమీ కనబడేది కాదు.

నాన్నది కొబ్బరికాయల వ్యాపారం. అంబాజీపేట చుట్టుపక్కల తోటల్లో కాయ దింపించి, వలిపించి, లారీలకెక్కిస్తాడు. పని దగ్గర మంచి పేరే. సాయంత్రం లారీ వెళ్ళాక తాగుడు మొదలయ్యేది. కొట్టేవాడు కాదు. పళ్ళెం ముందు కూర్చుని, అమ్మ ఆ రోజు చేసిన ప్రతి పనిలోనూ ఒక తప్పు వెతికి, ఒక్కొక్కటే నెమ్మదిగా చెప్పేవాడు. చాలావరకు లేని తప్పులే. అమ్మ మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి వినేది. పొద్దున్నకి అవేవీ ఆయనకి గుర్తుండేవి కావు. ఆవిడకి అన్నీ గుర్తుండేవి.

మాల వేసుకున్న రోజు నుంచి ఇల్లు మారిపోయేది. తెల్లవారకుండానే కాలవలో స్నానం, నల్ల పంచె, నుదుట గంధం. ఆయన్ని మేమిద్దరం ‘స్వామీ’ అనాలి. ఆయన అమ్మని ‘మాతా’ అనాలి, ‘మీరు’ అనాలి. “మాతా, భిక్ష అయిందాండీ?” అని వంటింటి గుమ్మం బయట నిలబడి అడుగుతుంటే మొదట్లో అమ్మకి నవ్వాగేది కాదు. తర్వాత్తర్వాత ఆ పిలుపు కోసం కాస్త ఆలస్యంగా పలికేదేమో అనిపించేది నాకు. నాన్న నాకు స్కూటీ నేర్పింది ఆ రోజుల్లోనే. బీఎడ్ ఎందుకు చదవాలనుకుంటున్నానో అడిగి, నేను చెప్పింది చివరిదాకా విన్నదీ అప్పుడే.

కొండకి వెళ్ళొచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్ళీ తాగేవాడు. ఒక్క ఏడాదైనా మర్నాటిదాకా ఆగలేదు.

నేను చదువు ముగించి కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరిన ఏడాది, అమ్మ ఒక ఆలోచన చేసింది. ఊళ్ళో అందరికీ మాలలు వేసే గురుస్వామి దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్ళింది. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు, పెద్దమనిషి.

“గురుస్వామిగారండీ, ఈసారి మావారు కొండకి కాస్త ఆలస్యంగా వెళ్తే తప్పాండీ?”

“తప్పేముందమ్మా. మాఘంలో కూడా కొన్నాళ్ళు గుడి తెరుస్తారు. కాకపోతే అప్పటిదాకా నియమం ఉండాలి. ఆయన్నడిగేవా?”

“తవఁరు చెప్తే వింటారండీ.”

ఆయన అమ్మ మొహంలోకి చూశాడు. నాన్నకి ఏం చెప్పాడో గాని, నాన్న వెంటనే ఒప్పుకున్నాడు.

మిగతా స్వాములంతా కొండకి వెళ్ళొచ్చి మాలలు తీసేశారు. ఊళ్ళో నల్ల బట్టల్లో నాన్న ఒక్కడే మిగిలాడు. మాట తగ్గిపోయింది. ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి అరుగు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు.

“ఒంట్లో బాగోలేదా స్వామీ?” అన్నాను.

“మాల ఉంటే నాకు తాగాలనిపించదని మీ అమ్మ అనుకుంటుందమ్మా. అనిపిస్తుంది. లారీ కదిలిన దగ్గర్నుంచీ అదే ధ్యాస.”

“మరెలా ఆగుతున్నారు?”

“భయం. స్వామంటే భయం. మాల తీసేస్తే ఇంక దేనికీ భయం లేదు నాకు.”

“మా కోసం ఆగలేరా?”

నాన్న నిజంగానే ఆలోచించాడు. “ఆగాలనే ఉంటుందమ్మా,” అన్నాడు. ఆ మాట అమ్మకి చెప్పలేకపోయాను.

కొండకి ప్రయాణం దగ్గరపడుతుండగా ఒక ఆదివారం పొద్దున్న ఫోన్ మోగింది. నాన్న పూజలో ఉన్నాడు. ఆయన ఫోన్ అమ్మ తీసింది.

“ఆయ్... ఎప్పుడండీ?... ఆయ్, చెప్తానండీ.”

ఫోన్ ఆపేసి, బియ్యం డబ్బా మూత తీసి, అందులో పెట్టి మూసేసింది. నేను చూస్తూనే ఉన్నాను.

“రాజోలు నుంచే. మీ పెదనాన్న పోయేరంట,” అంది మెల్లగా.

ఆయన నాన్నకి సొంత పెదనాన్న కొడుకు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు. దాయాది పోతే మైల. మైల వస్తే మాల తీసెయ్యాలి. అది మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

“నాన్నకి చెప్పవా?”

“కొండకెళ్ళి రానీ.”

“అమ్మా, ఈరోజే దహనం చేసేస్తారే.”

“నాకు తెలీదనుకున్నావేంటే?”

స్నానం చెయ్యకుండా పొయ్యి వెలిగించని మనిషి. ఎంగిలి, మడి అని నన్ను రోజూ సాధించే మనిషి. మైల తెలిసీ వండి వడ్డించింది. నాన్న తలెత్తకుండా తిన్నాడు. పప్పుచారు బాగుందన్నాడు.

మధ్యాహ్నం కాయలు వలిచే మేస్త్రి వీధిలోంచి కేకేశాడు. “స్వామీ, రాజోల్లో మీ అన్నయ్యగారు పోయేరటగా. ఇంకా బయల్దేరలేదేంటండీ?”

నాన్న అమ్మవైపు తిరిగాడు.

“మీకు తెలుసాండీ?” అన్నాడు. ఇంకా ఆ మర్యాదలోనే ఉన్నాడు.

“ఆయ్. పొద్దున్నే తెలుసండి,” అంది అమ్మ. తర్వాత ఒక్కసారిగా ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. “మాల మాత్రం తియ్యకండి. మీకు పుణ్యముంటుంది. ఆ పాపమేదో నాకే తగలనివ్వండి.”

కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. అన్నయ్య కోసమే ఏడ్చాడు, అందులో నాకు అనుమానం లేదు. కాని అదే సమయంలో, ఇన్నాళ్ళూ బిగుసుకుని ఉన్న ఆయన భుజాలు కిందికి జారడమూ చూశాను. అమ్మ కూడా చూసింది. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

గురుస్వామి చేత మాల తీయించుకుని నాన్న రాజోలు వెళ్ళేసరికి చితి అంటించేశారట. మర్నాడు సాయంత్రం ఎవరో ఆటోలో తెచ్చి దింపారు. నిలబడలేకపోతున్నాడు. “మా అన్నయ్య మొహం చూడనివ్వలేదు,” అన్నాడు గుమ్మంలోనే. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఆ మాటతోనే మొదలుపెట్టేవాడు. అన్నేళ్ళు లేని తప్పులు విన్న అమ్మకి ఇప్పుడు నిజమైనదొకటి దొరికింది. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

తర్వాతి కార్తీకానికి గురుస్వామే మా ఇంటికి వచ్చాడు. నాన్న కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “ఈసారికి వద్దండి. నాకు చేతకాదండి,” అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ వేసుకోలేదు. అదివరకు ఏడాదిలో ఆ కాస్తకాలమైనా మాకుండేది.

కాకినాడలో డాక్టరుకి చూపించాను. పిలిస్తే నాన్న బుద్ధిగానే వచ్చాడు. మందులు రాశారు. రెండుసార్లు వచ్చి, మూడోసారి తోటలో పనుందన్నాడు. డాక్టరు మా ఇద్దరికీ ఓపిగ్గానే చెప్పారు, మానాలని ఆయనకే అనిపించాలని.

“అలా అనిపించడానికి మందేమైనా ఉందాండీ?” అని అడిగింది అమ్మ.

ఆవిడ ఎగతాళిగా అడగలేదు. డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

ఇప్పుడు నేను రామచంద్రపురంలో ఉంటున్నాను. వీలైన ఆదివారాలు వెళ్తాను. పొద్దున పూట నాన్న బాగుంటాడు. బొండాం కొట్టి ఇస్తాడు, నా క్లాసు పిల్లల అల్లరి అడుగుతాడు, నవ్వుతాడు. కాళ్ళు కాస్త వాచి ఉంటాయి. మొన్న వెళ్ళినప్పుడు కూడా అలాగే కూర్చుని మాట్లాడుకున్నాం. ఎండ పెరిగేసరికి మాట మధ్యలో ఆగి, చొక్కా తొడుక్కుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

“ఇప్పుడే వస్తానమ్మా,” అన్నాడు.

ఎక్కడికని నేనూ అడగలేదు, అమ్మా అడగలేదు. అమ్మ రెండు పళ్ళేలు పెట్టి, కూర్చోమంది.